మా ఇంటి సర్వరు

ఇంట్లో సర్వరు పెట్టానని చెప్పినప్పుడు మా అమ్మ ముఖంలో ఆశ్చర్యం కంటె అభ్యంతరమే ఎక్కువగా కనిపించింది.

"ఉన్నది నలుగురం. మనం వడ్డించుకోలేమేటిరా?" అన్నది.

ఎనభై దాటిన ఆమెకు తెలిసిన సర్వరు ఒక్కడే. భుజాన తువాలుతో, ముంజేతి మీద నాలుగు పళ్ళేలు నిలబెట్టుకొని, వంటగది వైపు కేకలు పెడుతూ బల్లల మధ్య తిరిగే హోటలు సర్వరు. నేను తెచ్చినది ఒక నల్లని పెట్టె. లావుపాటి ఇంగ్లీషు నిఘంటువులు రెండింటిని పక్కపక్కన నిలబెడితే ఎంత ఉంటుందో అంత. దానిలో రెండు హార్డు డిస్కులు. వెనుక నుండి ఒక తీగ రౌటరులోకి, ఇంకొక తీగ కరెంటు ప్లగ్గులోకి. ముందువైపు చిన్న పచ్చదీపం.

ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనువాదాలు చేసుకుంటూ బ్రతికేవాణ్ణి గనుక ఒక మాటను అంత సులభంగా వదలలేను. అమ్మ చేసిన అర్థం తప్పు కాదని ఆ రాత్రే తోచింది. ఆ యంత్రానికి ఆ పేరు పెట్టిన ఇంగ్లీషువారు కూడా సేవను, వడ్డనను తలచుకొనే పెట్టారు. ఎవరు ఏది అడిగితే దానిని తెచ్చి అందించేది సర్వరు. అందించడం మానివేస్తే అది ఉట్టి పెట్టె. ఈ తేడా బోధపడడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఒక విలువైన వస్తువును పోగొట్టుకోవలసి కూడా వచ్చింది. ఈసారి ఆ కథ చెబుతాను. ఇంట్లో పాత కాసెట్లో, పెళ్ళి వీడియోలో, నాన్నగారి గొంతో దాచుకున్న ప్రతివారికీ ఇది పనికిరావచ్చును.

రైలు తెచ్చిన కుటుంబం

మేము ఉండేది బస్తరులోని జగదల్‌పూర్‌లో. విశాఖపట్నం వైపు నుండి అరకు మీదుగా కిరండుల్ వరకు పోయే రైలుమార్గాన్ని 1960లలో వేశారు. బైలాడిలా కొండలలోని ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడం దాని పని. ఖనిజం కిందికి దిగింది. తెలుగువాళ్ళు పైకి ఎక్కారు. అలా ఎక్కినవారిలో మా నాన్న ఒకరు.

నిజానికి ఈ నేలకు తెలుగు కొత్త కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశం చెప్పుకుంటూ వచ్చింది. దక్షిణాన కోంట, భోపాలపట్నం వైపు సంతలలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. జగదల్‌పూర్ వీధులలో మాత్రం హల్బీ, హిందీ, ఒడియా, గోండి, తెలుగు అన్నీ ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకున్నాయి.

1981లో నాన్న ఒక కాసెట్టు టేపురికార్డరు కొన్నారు. ఆయనకు సినిమా పాటల మీద మోజు లేదు. చెవిన పడిన గొంతునల్లా పట్టేవారు. సంతలో బేరాలు, దసరా రథం లాగేటప్పటి కోలాహలం, అక్క కూనిరాగాలు, నేను మొదటిసారి వల్లించిన ఎక్కాలు. ఆయన పోయేనాటికి బీరువాలో నలభై రెండు కాసెట్లు ఉన్నాయి. ఒక్కొక్క దానిమీద ఆయన ముత్యాల కోవ చేతివ్రాత.

వాటిలో ఒకటి 1984 నాటిది. మా పెరట్లో నానమ్మా, పొరుగింటి హల్బా ముసలావిడా ఒకే రోటిలో చెరొక రోకలితో వడ్లు దంచుతున్నారు. నానమ్మ తెలుగులో దంపుళ్ళ పాట ఎత్తుకుంటుంది. ఆమె ఊపిరి తీసుకునే వేళకు ఆవిడ హల్బీలో అందుకుంటుంది. ఒకరి భాష ఒకరికి అంతంత మాత్రమే. రోకటిపోటు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే. నలభై అయిదు నిమిషాలు అలా సాగుతుంది. మధ్యలో ఒక కోడి, ఒక సైకిలు గంట, నానమ్మ నవ్వు.

2014లో నేను ఆ నలభై రెండు కాసెట్లనూ కంప్యూటరులోకి ఎక్కించి, అరచేతిలో పట్టే ఒక హార్డు డిస్కులో భద్రపరిచాను. పని పూర్తి అయిందనుకున్నాను. ఇక్కడి వానాకాలపు తేమకు టేపుల మీద అప్పటికే తెల్లని బూజు పట్టింది. మరుసటి ఏడు ఇల్లు సున్నం వేయించినప్పుడు వాటిని పారవేశాను. డిస్కును మెత్తని గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టాను. ఇంట్లో ఎవరూ ముట్టుకోరాదని కట్టడి కూడా చేశాను.

2019 వర్షాకాలంలో ఒకనాడు అమ్మ అడిగింది: "అత్త పాట ఒకసారి పెట్టరా." డిస్కు తెచ్చి తగిలించాను. లోపల నుండి టిక్కు టిక్కుమని గడియారం వంటి చప్పుడు. అంతే. పట్నం తీసుకొని వెళ్ళాను. పోయిన సమాచారాన్ని వెలికితీసేవారు దానిని నెల రోజులు ఉంచుకొని, చేతులెత్తేసి తిరిగి ఇచ్చారు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే, బతికున్నప్పుడు వినలేదా ఏటి" అన్నది. అనకుండా ఉంటేనే బాగుండేది.

గాదె వేరు, వడ్డన వేరు

రెండో పర్యాయం తప్పు చేయరాదని చదవడం మొదలుపెట్టాను. ముందుగా తెలుసుకున్నది ఈ నల్లపెట్టె సంగతి. దీనిని నెట్‌వర్కు నిల్వపెట్టె అనవచ్చును. మామూలు హార్డు డిస్కు ఒక కంప్యూటరుకు మాత్రమే లొంగి ఉంటుంది. ఈ పెట్టెకు సొంత బుర్ర ఉన్నది. అది ఇంటి రౌటరుతో కలిసి ఉంటుంది గనుక టీవీ, ఫోను, కంప్యూటరు ఏది అడిగినా జవాబు చెబుతుంది. కొత్తది కొనలేనివారు పాత కంప్యూటరుతోనే ఈ పని చేయించుకోవచ్చును.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. ఇంటి నెట్‌వర్కు, ఇంటర్నెట్ ఒకటి కావు. ఇంటర్నెట్ ఊరి బయటి రోడ్డు. ఇంటి నెట్‌వర్కు మన వసారా. గాలివానకు ఎక్కడో కేబులు తెగి, ఊరంతటికీ ఇంటర్నెట్ ఆగిపోయిన రోజున కూడా మా వసారాలో రాకపోకలు ఆగవు. కరెంటు ఉంటే చాలు. అలాంటి రోజులు తరచుగా వచ్చే మా వంటి చోట్ల ఇది చిన్న సదుపాయం కాదు. నెలనెలా చందా కట్టి చూసే దూరపు వేదికలలో ఈనాడు ఉన్న చిత్రం రేపు ఉంటుందన్న హామీ లేదు. మన పెట్టెలోనిది మనం తీసేస్తే తప్ప పోదు, జాగ్రత్తగా ఉంచుకుంటే.

స్ట్రీమింగు అన్న మాటకు నాకు సరియైన తెలుగు చాలాకాలం దొరకలేదు. చివరకు శివాలయంలో దొరికింది. లింగం మీద వేలాడే ధారాపాత్రలో బిందెడు నీళ్ళు ఉంటాయి. స్వామిమీద పడేది బొట్టు బొట్టుగా. సర్వరు కూడా మొత్తం చిత్రాన్ని ఒక్కసారిగా టీవీకి పంపదు. చూస్తున్న క్షణానికి కావలసినది, మరికొన్ని క్షణాలకు ముందుజాగ్రత్తగా కొంత, అంతే పంపుతూ ఉంటుంది. అందుచేత పెట్టె పెద్దదైనా ధార సన్నగానే ఉంటే సరిపోతుంది. మంచి నాణ్యత గల ఒక చిత్రానికి సెకనుకు ఎనిమిది, పది మెగాబిట్లు చాలు. పాటకు ఒకటి రెండు చాలు. నేటి సాధారణ ఇంటి కేబులు వెయ్యి మెగాబిట్లు మోయగలదు. ఐతే పెట్టెను రౌటరుకు తీగతోనే కలపండి. గోడలు దాటి వచ్చే వైఫైని నమ్ముకుంటే ధార తెగుతూ ఉంటుంది.

పెట్టె గాదె మాత్రమే. వడ్డించేవాడు వేరే రావాలి. ఆ పని చేసే సాఫ్ట్‌వేరులలో ప్లెక్స్, జెల్లీఫిన్ పేరుపడ్డవి. 2018 చివరలో ఎంబీ అనే మరొక సాఫ్ట్‌వేరు తన మూలరచనను మూసివేసినప్పుడు, అది నచ్చనివారు విడిపోయి జెల్లీఫిన్‌ను మొదలుపెట్టారు. అది పూర్తిగా ఉచితం. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. నేను దానినే ఎంచుకున్నాను.

ఆశువుగా అనువదించే యంత్రం

ఈ విద్యలో నా వృత్తికి దగ్గరగా వచ్చే ఘట్టం ఒకటి ఉన్నది. దృశ్యాలనూ ధ్వనులనూ కంప్యూటరులో దాచే పద్ధతులు అనేకం. అన్ని టీవీలకూ అన్నీ తెలియవు. టీవీకి తెలియని పద్ధతిలో చిత్రం ఉన్నదనుకోండి. అప్పుడు సర్వరు దానిని తీసి, టీవీకి తెలిసిన పద్ధతిలోకి అక్కడికక్కడే మార్చి పంపాలి. దీనినే ట్రాన్స్‌కోడింగు అంటారు. సభలో వక్త పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తెనిగించినవారికి ఆ శ్రమ ఏమిటో తెలుసు. చిన్న పెట్టెలలోని చిన్న బుర్రలు ఆ పనికి చెమటలు కక్కుతాయి. తెర మీద బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది.

దీనికి మందు సులభం. ముందే తీరికగా అనువదించి పెట్టుకోవడం. వీడియోలను హెచ్.264 పద్ధతిలో ఉంచితే ఈ కాలపు టీవీలు, ఫోనులు దాదాపు అన్నీ చదువుకుంటాయి. పాత పెళ్ళి డీవీడీలను ఒక ఆదివారం కూర్చుని అలా మార్చుకుంటే, ఆపైన అతి చవుక పెట్టె కూడా హాయిగా వడ్డిస్తుంది.

కాసెట్ల సంగతి వేరు. అక్కడ తొందరపడరాదు. ఒకసారి ఎక్కించేటప్పుడే మేలైన ప్రమాణంలో ఎక్కించాలి. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కటి 24 బిట్లు. ఈ లెక్కన ఒక గంట కాసెట్టు ఒక గిగాబైటు అవుతుంది. నాన్నగారి నలభై రెండూ కలిపితే నలభై పైచిలుకు. రెండు టెరాబైట్ల డిస్కులో ఇది ఒక మూలకు కూడా రాదు. ఫ్లాక్ అనే పద్ధతి ఒక్క రవ్వ కూడా పోకుండా ఈ పరిమాణాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది. ఎమ్‌పీ3 ఇంకా చాలా తగ్గిస్తుంది గాని, చెవికి తెలియదనుకున్న దానిని కోసి పారవేస్తుంది. పారవేసినది తిరిగి రాదు. కనుక దాచుకోవడానికి ఫ్లాక్, పంచిపెట్టడానికి ఎమ్‌పీ3. అన్నిటికంటె ముఖ్యం, ఎక్కించిన తరువాత కూడా కాసెట్లను పారవేయకండి. బూజు పట్టినా సరే. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

అద్దంలో బొమ్మ రెండో మనిషి కాదు

పెట్టెలో రెండు డిస్కులు ఎందుకంటే, ఒకదానిమీద వ్రాసినది అదే క్షణంలో రెండోదానిమీద కూడా పడుతుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. చవుక డిస్కులను కొన్నిటిని జట్టు కట్టించి ఒక నమ్మకమైన నిల్వగా వాడుకోవచ్చునని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంలో వివరించారు. రెయిడ్ అన్న పేరు అక్కడినుండే వచ్చింది.

ఇది ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండవచ్చునా? ఉండరాదు. ఒకనాడు మా అబ్బాయి పొరపాటున ఒక ఫోల్డరును చెరిపివేశాడు. రెండు డిస్కులలోనూ ఒకే క్షణంలో పోయింది. అద్దంలోని బొమ్మ మన వెంటే నడుస్తుంది. గోతిలో పడినా వెంటే పడుతుంది. పిడుగు పడితే రెండూ కాలతాయి. దొంగ వస్తే పెట్టెతో సహా పోతాయి. అందుకే అనుభవజ్ఞులు 3–2–1 అనే సూత్రం చెబుతారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, వాటిలో ఒకటి వేరే ఊరిలో.

మా మూడో ప్రతి విశాఖపట్నంలో మా అక్కగారి ఇంట్లో ఉన్నది. ఆరు నెలలకొకసారి ఎవరో ఒకరు కిరండుల్ రైలులో కొత్త డిస్కు పట్టుకొని వెళతారు. పాతది తిరిగి వస్తుంది. నాన్నను పైకి తెచ్చిన రైలే ఆయన దాచినవాటిని కిందికి తీసుకుపోతున్నది.

ఇక చిల్లర జాగ్రత్తలు. పెట్టె రోజంతా పనిచేసినా ఇరవై వాట్ల చొప్పున నెలకు పద్నాలుగు, పదిహేను యూనిట్లు మించదు. ఉన్నట్టుండి కరెంటు పోతే మాత్రం వ్రాత మధ్యలో ఆగి పాడవుతుంది. కనుక చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఉరుములు మొదలైతే ప్లగ్గు ఊడదీయండి. బయటి ఊళ్ళ నుండి చూసుకోవచ్చునన్న ఆశతో పెట్టెను ఇంటర్నెట్‌కు బార్లా తెరవకండి. అలా తెరిచి ఉంచిన వేలాది ఇళ్ళ పెట్టెలకు 2021లోనూ 2022లోనూ దొంగలు తాళాలు వేసి, తాళం చెవికి డబ్బు అడిగారు. కంపెనీ పెట్టి ఇచ్చిన సంకేతపదాన్ని మొదటిరోజే మార్చండి.

పేర్లు వ్రాయడం మరొక ముఖ్య విషయం. జెల్లీఫిన్‌కు ఒక అలవాటున్నది. ఫైలు పేరు చూసి, ప్రపంచ చిత్రాల జాబితాలో వెదికి, దానికి తగిన పోస్టరు తానే తెచ్చి అతికిస్తుంది. నేను "అక్క పెళ్ళి" అని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి పెట్టిన వీడియోకు ఎవరో పరాయి దేశపు నటి బొమ్మ వచ్చి కూర్చున్నది. బావగారు చాలారోజులు ఆటపట్టించారు. ఇంటి వీడియోలకు ఈ వెదుకులాటను ఆపివేసే వీలున్నది, ఆపివేయండి. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఏ భాష అన్న నాలుగు ముక్కలూ మీరే వ్రాయండి. పేరు లేని గొంతు రెండు తరాల తరువాత ఎవరిదో కాకుండా పోతుంది.

బస్తరు గొంతులు ఎక్కడికి పోయాయి?

డిస్కు పోయిన తరువాత ఒక ప్రశ్న నన్ను పట్టుకున్నది. మా ఇంటి సంగతి ఇదైతే, ఇంత పెద్ద బస్తరు పాటలు ఎవరి బీరువాలో ఉన్నాయి?

కొన్ని చాలా దూరంగా ఉన్నాయి. వాల్టర్ కౌఫ్మన్ అనే సంగీతజ్ఞుడు యూరపు నుండి 1934లో బొంబాయి వచ్చాడు. ఆకాశవాణిలో పనిచేశాడు. మన పెద్దలు తెల్లవారుజామున రేడియో పెట్టగానే వినిపించిన ఆ ఆకాశవాణి సంకేత సంగీతం కూర్చినది ఆయనేనని చెబుతారు. ఆయన బస్తరులోని మారియా, మురియా గోండుల పాటలను స్వరపరచి, 1960లో వాటిమీద వ్యాసం ప్రచురించాడు. అది సంగీత శాస్త్రజ్ఞులు చదివే పత్రిక. పాడినవారి ఊళ్ళకు ఆ పత్రిక రాదు.

అంతకంటె ప్రసిద్ధమైనది చేంద్రూ మండావి కథ. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్ బెంగాల్ గ్రామానికి వచ్చి, అక్కడి మురియాల జీవితం మీద పూర్తి నిడివి చిత్రం తీశాడు. అది 1957లో విడుదలయింది. సంగీతం పండిట్ రవిశంకర్‌ది. 1958లో కేన్ చిత్రోత్సవానికి కూడా వెళ్ళింది. పులిపిల్లతో ఆడుకునే పదేళ్ళ చేంద్రూ ముఖం దేశదేశాల ప్రేక్షకులకు పరిచయమైంది. ఆ పిల్లవాడు స్వీడన్ వెళ్ళి వచ్చాడు. తరువాత తన గ్రామంలోనే పేదవాడుగా బ్రతికి, 2013లో కన్నుమూశాడు. ప్రపంచం చూసిన తన బాల్యాన్ని తన ఇంట్లో కూర్చుని, తలచుకున్నప్పుడు చూసుకునే సదుపాయం ఆయనకు ఉండి ఉండదు.

ఇంకొక రకం కథ కూడా ఉన్నది. బస్తరులో జగార్ అనే కథాగానం చేసే స్త్రీలను గురుమాయిలంటారు. వారి వాద్యం పేరు ధన్‌కుల్. కుండ మూతిమీద చేట బోర్లించి, దానిమీద వింటి కొసను ఆనించి, గాట్లు పెట్టిన ఆ వింటిని వెదురుపుల్లతో గీస్తూ వాయిస్తారు. వడ్ల లక్ష్మి కథ అయిన లచ్మీ జగార్ ఇలా రోజుల తరబడి సాగుతుంది. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ గురుమాయి సుక్‌దాయి గానాన్ని రికార్డు చేసి, అక్షరాలలో పెట్టి, ఆస్ట్రేలియా పండితుడు గ్రెగరీతో కలిసి 2003లో గ్రంథంగా తెచ్చారు. వైష్ణవ్ 2021లో మరణించారు. ఆయన పనిలో నాకు నచ్చినదేమంటే, పాట పుట్టిన జిల్లాలోనే కూర్చుని, ఆ భాష మాట్లాడేవాడుగా దానిని చేశారు.

2010లో శుభ్రాంశు చౌధురీ ప్రభృతులు ఆరంభించిన సీజీనెట్ స్వర మరొక అడుగు వేసింది. మామూలు ఫోను నుండి ఒక నంబరుకు పిలిచి, తన మాటనో పాటనో గోండిలో చెప్పే వీలు కలిగింది. ఇంకొకరు చెప్పినది వినే వీలూ కలిగింది. ఇంటర్నెట్ అందని పల్లెలకు ఆ రికార్డులను ఫోను నుండి ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంచారు. ఆ మాట ఇక్కడి వాడుకలో బుల్టూ అయింది. ఆ ఏర్పాటుకు బుల్టూ రేడియో అనే పేరు స్థిరపడింది. తీగ లేదు, గోపురం లేదు. సంతకు వచ్చిన మనిషి జేబే దాని ప్రసార కేంద్రం.

ఈ చివరి మాట నా చెవిలో తిరుగుతూ ఉండగానే పొరుగింటి కుర్రవాడు గుర్తుకు వచ్చాడు.

ఎనిమిదిన్నర మెగాబైట్లు

1984 కాసెట్టులో నానమ్మతో కలిసి వడ్లు దంచిన ఆ హల్బా ముసలావిడకు అతడు మనుమడు. 2014లో, అంటే నేను కాసెట్లు ఎక్కిస్తున్న రోజులలోనే, అతని చెల్లెలి పెళ్ళి అయింది. పెళ్ళిలో వినిపించడానికి వాళ్ళ దాదీ పాడిన భాగం అడిగాడు. నేను ఎమ్‌పీ3 చేసి, అతని ఫోనుకు బ్లూటూత్‌లో పంపాను. పంపి మరచిపోయాను.

వెళ్ళి అడిగాను. "ఉంది గదా భయ్యా" అన్నాడు, అదేదో సామాన్య విషయమన్నట్లు. ఆ ఫోను ఎప్పుడో నీళ్ళలో పడి పోయింది. మెమరీ కార్డు రెండు ఫోనులు మారింది. ఈలోగా ఆ పాటను అతడు అత్తవారింట్లో ఉన్న చెల్లెలికి పంపాడు, రాయ్‌పూర్‌లో చదువుకునే మేనల్లుడికి పంపాడు, జీపు నడిపే స్నేహితుడికి పంపాడు. ఆ స్నేహితుడు కోండాగావ్ దారిలో జీపులో దానిని పెడుతూ ఉంటాడట. మూడు ప్రతులు అని పుస్తకాలు చెబుతాయి. ఆ ముసలావిడ గొంతుకు ఎన్ని ప్రతులున్నాయో లెక్క తెలియదు.

తొమ్మిది నిమిషాలు. ఎనిమిదిన్నర మెగాబైట్లు. వాళ్ళ దాదీ పాడిన భాగం కావాలన్నాడు గనుక అంతవరకే కోసి ఇచ్చాను. మా నానమ్మ గొంతు దానిలో మూడే మూడు చోట్ల వస్తుంది, ఆవిడ ఊపిరి తీసుకునే వేళ. మిగిలిన ముప్పై ఆరు నిమిషాలు లేవు. కోడి లేదు. సైకిలు గంట లేదు. నానమ్మ నవ్వులో మాత్రం కాస్త తోక మిగిలింది.

గుడ్డలో చుట్టి, ఎవరూ ముట్టుకోరాదని నేను పై అరలో దాచినది పోయింది. ఆలోచన లేకుండా ఇచ్చివేసినది నిలిచింది. ఇందులో నాకు గొప్పతనమేమీ లేదు, సిగ్గే ఉన్నది. ఆ సిగ్గుతోనే ఈ పెట్టె పెట్టాను. మూడో ప్రతి వేరే ఊరిలో పెట్టడం ఎంత అవసరమో, ఉన్నది నలుగురికీ వినిపించడం అంత అవసరం. పెట్టెలోనిది వినేవారుంటే అది పాడయినప్పుడు వెంటనే తెలుస్తుంది. అడిగేవారుంటే ప్రతులు తమంతట తామే పెరుగుతాయి. ఒక్క నియమం మాత్రం ఉండాలి. ఎవరి గొంతో వారిని, వారు లేకపోతే వారి ఇంటివారిని అడిగి పంచాలి. పరాయివారి చిత్రాలనూ పాటలనూ కొనకుండా నింపుకోవడం నేను చెబుతున్న విద్య కాదు.

ఇప్పుడు మా వీధిలో నాలుగు ఇళ్ళవారు తమ పాత టేపులు తెచ్చి ఇస్తున్నారు. వారానికి రెండు చొప్పున ఎక్కిస్తున్నాను. తెలుగు అక్షరాలలో పేర్లు పెడితే మా పాత టీవీ చదవలేక డబ్బాలు చూపించింది. ఫోనులో మాత్రం చక్కగా కనిపిస్తాయి. హల్బీ పాటల వివరాలు పొరుగింటి కుర్రవాడు నాగరిలో వ్రాసి ఇస్తాడు. ఎక్కించిన ప్రతి పాటా ఒక ప్రతి ఇచ్చినవారి ఫోనులోకి తిరిగి వెళుతుంది.

సర్వరు పెట్టిన మొదటి సాయంత్రం టీవీలో ఆ తొమ్మిది నిమిషాల పాట పెట్టాను. బయట వాన. ఊళ్ళో ఇంటర్నెట్ లేదు. రోకటిపోటు మొదలయింది. అమ్మ కళ్ళు మూసుకొని, కుర్చీ చేతిమీద వ్రేళ్ళతో పోటు వేస్తూ వింటున్నది. నానమ్మ గొంతు మూడోసారి వచ్చి తెగిపోయిన చోట పాట ఆగింది. అమ్మ ఆగలేదు. తరువాతి చరణం తానే ఎత్తుకున్నది. ఆ పైది కూడా. నాకు తెలియని చరణాలు, ఆ కాసెట్టులో ఉండి ఉండవలసినవి. నేను చప్పుడు కాకుండా ఫోను తీసి రికార్డు మీట నొక్కాను.

పాడడం అయిన తరువాత అమ్మ పచ్చదీపం వైపు చూసింది.

"ఇదేనేటి నీ సర్వరు? బాగానే వడ్డిస్తున్నాడు" అన్నది. "మారు వడ్డించమను."